జారుడుబండ అంటే అయిపోతుండె

నేను ఎల్లారెడ్డికీ లింగంపేటకూ మధ్య షేరింగ్ ఆటో నడుపుతాను. నా ఆటో ముందు అద్దం మీద, పై మూలకు, ఒక మంచుకొండ ఫొటో అతికించి ఉంటుంది. మిగతా ఆటోలవాళ్లు దేవుళ్లనో, సినిమా హీరోలనో పెట్టుకుంటారు. నా ఆటో ఎక్కినవాళ్లు కూర్చోగానే ఆ కొండను చూసి ఒకసారి కళ్లకద్దుకుంటారు. ‘అమర్‌నాథ్ పోయొచ్చినవా బిడ్డా?’ అని అడిగిన అవ్వలున్నారు. ‘గది కైలాసం’ అని పక్కవాళ్లకు ఖరాఖండిగా చెప్పినవాళ్లున్నారు. ప్రతి ఆదివారం చర్చికి పోయే ఒకమ్మ, అది మోషే ఎక్కిన కొండ అయి ఉంటుందని అంది. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. అది దేవుడి కొండ కాదు, మనుషులు కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకొని జారే చోటు అని. ‘కొండంటే మొక్కుతరు గని జారుతరా ఎవలన్న?’ అని నన్నే కోప్పడ్డారు. తర్వాత ఊరుకున్నాను. దండం పెట్టేవాళ్ల చేతులు పట్టుకొని ఆపడం నా పని కాదు. పైగా పొద్దున్నే ఆటో తుడిచేటప్పుడు నేనూ ముందు ఆ ఫొటోనే తుడుస్తాను.

ఆ కొండ ఫ్రాన్సుకూ స్విట్జర్లాండుకూ మధ్య సరిహద్దు మీద ఉంది. మంచు మీద జారేవాళ్లు దాన్ని స్విస్ గోడ అంటారు. పైన అంచున నిలబడితే కింద దారి కనిపించదట. ఒంటిని ముందుకు వదిలితేగాని కాళ్ల కింద ఏముందో తెలియదట. దూరపు కొండలు నునుపు అని సామెత ఉండనే ఉంది కదా, ఫొటోలో మీగడలా కనిపించే ఆ వాలు నిండా నడుమెత్తు మంచు దిబ్బలుంటాయట. నా దగ్గర ఉన్నవన్నీ ఈ ‘అట’లే. నేను దాన్ని చూడలేదు. దాన్ని చూసినవాళ్ల బూట్లు తుడిచాను.

మా దిక్కు మనిషి గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా దుబాయ్ పోయిండనే అంటారు, కాబట్టి నేనూ దుబాయ్ పోయినట్టే. ఎడారిలో ఒక పట్నం, పట్నంలో ఒక పెద్ద మాల్, మాల్ లోపల ఒక షెడ్డు. కామారెడ్డి గంజ్‌లో ఉన్న గోదాములన్నీ తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చినా ఆ షెడ్డు నిండదు. దాని నిండా మంచు. బయట చెప్పులు లేకుండా అడుగు వేస్తే అరికాలు కాలిపోతుంది, లోపల నోరు తెరిస్తే పొగలొస్తాయి. ఏజెంటు నాకు చెప్పింది మాల్‌లో సఫాయి పని అని. మొదటి రోజు ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మందపాటి కోటు ఇస్తే, ఎవరివో నాకిచ్చారనుకొని వాపసు ఇవ్వబోయాను. ఇంటికి ఫోన్ చేసి మంచులో పని అని చెబితే బాపు ఫోన్ పక్కన పెట్టేశాడు. తర్వాత నా భార్యతో, ‘పోరనికి ఎండ తలకెక్కినట్టున్నది, మజ్జిగ తాగుమని చెప్పు’ అన్నాడట.

నన్ను బూట్ల గదిలో వేశారు. జారడానికి వచ్చినవాళ్లకు పాదం కొలత చూసి బూట్లివ్వాలి, తిరిగి ఇచ్చాక తుడిచి ఆరబెట్టాలి. ఇనుప పెట్టెల్లా ఉండే బూట్లు అవి. ఎంత గొప్పవాడి బూటు విప్పినా లోపల చెమట వాసన మా పొలంలో దిగినవాడి వాసనే. ఆ గది గోడల నిండా పెద్ద పెద్ద ఫొటోలు ఉండేవి. ప్రపంచంలో పేరుమోసిన కఠినమైన వాలులన్నీ అక్కడ వరసగా ఉండేవి. ఒకదాంట్లో రెండు రాళ్ల మధ్య దర్వాజంత సందు, అందులోంచి దూకినట్టే దిగాలి. ఒకటి జపాన్‌లోనిది, చెట్ల మధ్య గుండెలోతు మెత్తటి మంచు. ఇంకొకటి ఫ్రాన్సులో, మంచునది మీదుగా సగం రోజు సాగే దారి. సరిగ్గా నా బల్లకు ఎదురుగా ఈ స్విస్ గోడ.

జారే దారులకు రంగులుంటాయి. పచ్చది కొత్తవాళ్లకు, నీలం ఎరుపు ఆ పైవాళ్లకు, నలుపు అందరికంటే గట్టివాళ్లకు. ఆ నల్లదారినే బ్లాక్ రన్ అంటారు. రన్ అంటే ఇక్కడ పరుగెత్తడం కాదు, జారే దారి. ఈ మాట గుర్తుంచుకోండి, నా బండి తిరగబడింది దీని మీదే.

బూట్లు వేసుకునేటప్పుడు మనుషులు మాట్లాడుకుంటారు. వంగి కొక్కేలు బిగించుకుంటూ తలెత్తి ఆ ఫొటోలు చూసి, ‘ఎప్పటికైనా దీని మీద దిగాలి’ అని అనుకునేవాళ్లు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. విమానాలు ఎక్కి తిరిగేవాళ్లకు ఎప్పటికైనా ఏంది, రేపే పోవచ్చు కదా అని. కొన్నాళ్లకు తెలిసింది, ఎన్ని కొండలు తిరిగినవాడికైనా ఇంకా దిగని కొండ ఒకటి ఉంటుంది. దాని పేరు ఎత్తేటప్పుడు గొంతు తగ్గుతుంది. మా ఊళ్లో పెళ్లి కాని పిల్లలు ఇష్టపడ్డవాళ్ల పేరు చెప్పేటప్పుడు తగ్గినట్టు.

వారానికోసారి ఒక ముసలాయన వచ్చేవాడు. యూరప్ మనిషి. కొడుకు ఆ పట్నంలో ఉద్యోగమట. కొండలు మానుకొమ్మని డాక్టర్లు చెబితే ఇక్కడి షెడ్డులో పచ్చ దారి మీద నెమ్మదిగా జారి పోయేవాడు. బూట్లు విప్పాక కూడా బల్ల మీద కూర్చొని స్విస్ గోడ ఫొటో వైపు చూసేవాడు. ఒకసారి అడిగాను, నాకొచ్చిన ఇంగ్లీషులో, దిగారా అని. రెండుసార్లు పైదాకా పోయాడట. రెండుసార్లూ అంచు మీద నిలబడి, తీగ మీద పైకి తెచ్చిన ఉయ్యాల కుర్చీలోనే కూర్చొని కిందికి వచ్చేశాడట. ‘ఇప్పటికీ కలలో ఆ అంచే వస్తుంది. జారడం ఎన్నడూ రాదు’ అన్నాడు.

ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే మా తండా దారిలో ఒక గుట్ట ఉంది. దాని మీద ఒక పెద్ద బండ ఏటవాలుగా ఉంటుంది. తాటిమట్ట కింద వేసుకొని పిల్లలందరం దాని మీద జారేవాళ్లం. ఎన్ని తరాల లాగులు చినిగాయో గాని బండ మాత్రం అద్దంలా నున్నబడింది. ఆ బండకే పక్కన నిటారుగా ఇంకో వాలు, కింద రేగు కంప. దాన్ని పెద్ద జారుడు అనేవాళ్లం. నేనూ ఎక్కాను. మట్ట వేసుకొని కూర్చున్నాను కూడా. తర్వాత మట్ట చంకలో పెట్టుకొని నడిచి దిగాను. లోకం రెండో చివర పుట్టిన ముసలాయనా నేనూ ఒకే బండ మీంచి దిగి వచ్చినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి ఆ గోడ నాది అయింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, అలా.

అక్కడ జారడం నేర్పే మాస్టర్లలో ఒకతను కశ్మీర్‌వాడు. గుల్మార్గ్ దగ్గర ఊరు. అతని ఉర్దూ, మా నిజాం దిక్కు ఉర్దూ కలిసేది కాదుగాని అర్థమయ్యేది. నేను బూట్లు తుడుస్తూ గోడ వైపు చూడడం అతను కనిపెట్టాడు. వారంలో ఒక రోజు పొద్దున మంచు చదును చేశాక, తలుపులు తెరిచేలోపు పనివాళ్లను కాసేపు రానిచ్చేవాళ్లు. మిగతావాళ్లు ఫొటోలు దిగేవాళ్లు. నన్ను అతను పలకలు ఎక్కించాడు.

మొదటి పాఠం ఆగడం. రెండు పలకల ముక్కులు దగ్గరికి, మడమలు దూరానికి. ‘బరఫ్ మే హల్ చలావో భాయ్’ అన్నాడు. మంచులో నాగలి దున్నమంటున్నాడు. ఆ పద్ధతి పేరే నాగలట. నాకు నవ్వాగలేదు. నాగలి వదిలేద్దామనే కదా అప్పు చేసి ఇంత దూరం వచ్చింది, ఇక్కడా అదే చేతికిచ్చారు. కాని దున్నేవాడి నడుము ఊరికే పోదు, తొందరగానే పట్టుబడింది. కష్టమైంది రెండో పాఠం. భయమేసినప్పుడు ఒళ్లు తనంతట తాను కొండ వైపు, అంటే వెనక్కి ఒరుగుతుంది. ఒరిగితే పడతావు. లోయ వైపే వంగాలి. ఎటు పడతానని భయమో అటే వంగితే పలకలు నీ మాట వింటాయి. ఎన్నిసార్లు వీపు మీద పడ్డానో నాకూ నా వీపుకూ తెలుసు. కాని సరిగ్గా వంగిన ఆ ఒక్కసారి, చెవుల పక్కన గాలి మోగి, కాళ్ల కింద చప్పుడు లేకుండా నేల వెళ్లిపోతుంటే, నేను ఎవరి కూలీనీ కాను అనిపించింది. నాకు అంత సంతోషం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ షెడ్డులో కూడా ఒక నల్లదారి ఉంది. అసలైన కొండల ముందు అది పిల్లకాలువ. అయినా పై నుంచి చూస్తే రెండడుగులు వెనక్కి వేసేవాణ్ణి. ‘వచ్చే వారం నిన్ను దాని మీంచి దించుతా’ అన్నాడు కశ్మీర్ భాయ్. నేను ఆగలేక ఆ శుక్రవారం ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య లింగంపేటలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేసుకుంటోంది.

‘ఇగో, వచ్చే వారం నేను బ్లాక్ రన్ కొడ్తున్న’ అన్నాను.

‘ఏందీ?’

‘బ్లాక్ రన్. ఈడిది చిన్నదేలే. అసలుదైతే ఇటు దేశంల ఎక్కి అటు దేశంల దిగుడే. పాస్‌పోర్టు అడిగెటోడు ఉండడు. ఎప్పటికన్న గది కొట్టాలె. నాకు గదొక్కటే ఆశ.’

అవతల ఫోన్ కట్ అయింది. లైన్ పోయిందనుకున్నాను.

గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఇక చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు చెబుతాను. పనిచేసే కంపెనీ నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా దొంగచాటుగా బతికేవాణ్ణి మావాళ్లు కల్లివెల్లి అయ్యాడంటారు. ‘బ్లాక్‌ల ఉన్నడు’ అని కూడా అంటారు. అలా బ్లాక్‌లోకి పోయి ఏళ్ల తరబడి ఇంటి మొఖం చూడనివాళ్లు, జైల్లో ఉన్నారో, అసలు బతికి ఉన్నారో లేదో తెలియనివాళ్లు మండలానికి ఇంతమంది ఉన్నారు. బ్లాక్ అంటే అది. రన్ అంటే పరుగని బడికి పోయిన పిల్లలందరికీ తెలుసు, ఆమె ఏడో తరగతి. ఇక పాస్‌పోర్టు లేకుండా దేశం దాటుతానని నా నోటితోనే చెప్పాను. ఆమె తప్పుగా అర్థం చేసుకుందని ఎలా అనను? అంత చక్కగా, అక్షరం అక్షరం అర్థం చేసుకుంది.

చాట అక్కడే పడేసి, ముందు ఏజెంటుకు ఫోన్ చేసి, మక్కచేనులో ఉన్న బాపు దగ్గరికి ఉరికిందట. బాపు బురదకాళ్లతోనే బస్సెక్కి కామారెడ్డి పోయి, ఏజెంటు ఆఫీసులో కింద కూర్చొని, ఫోన్ చేసేదాకా లేవనన్నాడట. ఏజెంటు మేం ఉండే లేబర్ క్యాంపుకు ఫోన్ చేశాడు. మీ మనిషి ఒకడు సరిహద్దు దాటి పారిపోతాడట, చూసుకోండి అని.

మర్నాడు నన్ను పిలిచారు. నేను క్యాంపు అధికారిని బూట్ల గదికి తీసుకుపోయి ఫొటో చూపించాను. ఇదే సార్, దీని మీద దిగాలనే నా ఆశ, పారిపోవడం కాదు అన్నాను. ఆయన ఫొటో చూశాడు, నన్ను చూశాడు. నవ్వి ఉంటే బాగుండేది. ‘బూట్లు తుడిచేవాడికి దీంతో ఏం పని?’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ముల్లులా ఉంది నాకు. అబద్ధం చెప్పినా నమ్మేవాడేమో, నిజం నమ్మలేదు. వారం తిరక్కుండా నన్ను మంచులోంచి తీసి బయట కార్ల పార్కింగులో తోపుడు బండ్లు తోయడానికి వేశారు. కాంట్రాక్టు అయిపోయేదాకా అక్కడే, ఎండలో. ఆ షెడ్డు గోడ నాకు ఎదురుగా కనిపించేది. లోపల నల్లదారి ఎక్కడుంటుందో బయటి నుంచి గుర్తుపట్టేవాణ్ణి.

నన్ను పిలిచిన రోజు సాయంత్రమే బాపు ఫోన్‌లోకి వచ్చాడు. ‘బిడ్డా, కలో గంజో ఈడనే తాగుదం. దొంగతనంగ దేశాలు దాటకు’ అని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను వినడం అదే మొదటిసారి. ఏం చెప్పను? దాటను బాపూ అన్నాను. జారుడు సంగతి, నన్ను పార్కింగులో వేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నా భార్యకు తన ఫోన్ వల్లే అని తెలుస్తుంది. భయంతో మొగుణ్ణి కాపాడుకోవాలని ఉరికిన మనిషికి ఆ భారం ఎందుకు?

కశ్మీర్ భాయ్ అప్పుడప్పుడు తన ఎర్ర కోటుతోనే ఎండలోకి వచ్చి, చెమటలు కక్కుతూ నా పక్కన నిలబడేవాడు. ‘ఈ మంచుకు కప్పుంది భాయ్. మా ఊరి మంచుకు ఛత్ లేదు. అక్కడికి రా’ అనేవాడు. నేను ఊరికి వచ్చేసే ముందు, బూట్ల గదిలో పాత ఫొటోలు మార్చుతుంటే, స్విస్ గోడ ఫొటోను కోట్లో చుట్టుకొని తెచ్చి ఇచ్చాడు. ఆటో అద్దం మీద ఉన్నది అందులోంచి కత్తిరించిన ముక్కే. మిగతాది ఇంట్లో బీరువా వెనక ఉంది.

అతను కూడా తర్వాత గుల్మార్గ్ పోయి అక్కడే నేర్పుతున్నాడు. ఏటా చలికాలం రాగానే నా ఫోన్‌కు రికార్డు చేసి పంపిన అతని గొంతు వస్తుంది. ‘బరఫ్ గిర్ గయీ భాయ్, కబ్ ఆరహే?’ మంచు పడింది, ఎప్పుడొస్తున్నావ్ అని. వెనకాల గాలి చప్పుడు. అక్కడ తీగల మీద వేలాడే డబ్బాల్లో కూర్చోబెట్టి కొండ పైదాకా తీసుకుపోతారట. పై నుంచి ఎవరూ చదును చేయని మంచు, నిటారు వాలు, దాని కోసం ఆ స్విస్ గోడ దిగినవాళ్లు కూడా ఇక్కడికి వస్తారట. సరిహద్దులూ పాస్‌పోర్టులూ అక్కర్లేదు, మన దేశమే. ఆ గొంతు నేను ఆటో స్టాండులో, ఇంజన్ ఆపి, చెవి దగ్గర పెట్టుకొని మళ్లీ మళ్లీ వింటాను. ఎల్లారెడ్డిలో చలికాలమంటే పొద్దున కాస్త మంకీ క్యాపు, మధ్యాహ్నానికి మళ్లీ అదే ఎండ. యాసంగి నాట్లకు పోయే ఆడవాళ్లు ఆటోలోకి ఎక్కుతూ కొండకు దండం పెట్టుకుంటారు. వచ్చే ఏడు అని జవాబు పెడతాను. ఎన్ని వచ్చే ఏళ్లు వచ్చి పోయాయో.

లింగంపేట దారిలో, అడవి దాటాక, ఒకచోట రోడ్డు చక్కగా కిందికి దిగుతుంది. అక్కడ నేను గేరు తీసి న్యూట్రల్ చేస్తాను. ఇంజన్ చప్పుడు తగ్గి, చెవుల పక్కన గాలి మోగి, ఆటో దానంతట అది జారుతుంది. ‘పెట్రోల్ మిగిలిస్తుండు పిసినారోడు’ అని వెనక సీట్లో గొణుగుతారు. అననీ. ఆ కాసేపట్లో నా మోకాళ్లు వాటంతటవే కొంచెం వంగుతాయి.

ఆ మోకాళ్లే ఈ మధ్య మొండికేశాయి. కామారెడ్డిలో డాక్టరుకు చూపిస్తే గుజ్జు అరిగిందన్నాడు. మెట్లు తగ్గించు, కింద కూర్చోకు అన్నాడు. ‘సార్, జారొచ్చా?’ అని అడిగాను. ‘జారకూడదనే కదా చెప్తున్నా, బాత్రూములో గరుకు చాప వేయించుకో’ అన్నాడు. మంచు అని చెబితే బర్ఫ్ పెట్టి కాపడం రోజుకు రెండుసార్లు మంచిదే అన్నాడు. అసలు సంగతి విడమరిచి చెప్పాక కళ్లజోడు తీసి నన్ను చూశాడు. ‘పోతే ఈ చలికాలమే పో. తర్వాత ఈ మోకాలు కొండ దాకా ఎందుకు, ఆటో బ్రేకు దగ్గరికి కూడా రాదు’ అన్నాడు. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. కూర్చోవద్దన్న సంగతి లేవబోయినప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ గుల్మార్గ్ అక్కడే ఉంటుంది, నేనే ఎప్పుడో పోతాననుకున్నాను. కొండ ఉంటుంది సరే, నేను ఉండొద్దా?

ఇంట్లో మాత్రం ఎలా అడగను? మంచు పేరెత్తితే ఆమెకు ఆ పాత శుక్రవారమే గుర్తొస్తుంది, ముఖం వాడిపోతుంది. అలా నాన్చుతుండగా సదాశివనగర్‌లో మా క్యాంపు దోస్తు ఇంటికి గృహప్రవేశానికి పోయాం. నా గదిలోనే ఉండి, నాతోపాటే తిరిగి వచ్చినవాడు. భోజనాల దగ్గర వడ్డిస్తూ నా భార్యను ఆట పట్టించాడు. ‘వదినా, నీ ఒక్క ఫోన్ దెబ్బకు అన్నను మంచులకెళ్లి తీసి ఎండల పారేసిర్రు. తెల్లారితే బ్లాక్ రన్ దిగెటోడు, బండ్లు తోసుకుంట నల్లగైండు.’ అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. విస్తరి ముందు నుంచి లేచింది.

వచ్చేటప్పుడు ఆటోలో నా పక్కన కూర్చోలేదు, వెనక సీట్లో కిరాయి మనిషిలా కూర్చుంది. కామారెడ్డి దాటింది. అడవి వచ్చింది. దిగుడు దగ్గర అలవాటు కొద్దీ న్యూట్రల్ చేశాను. ఇంజన్ చప్పుడు తగ్గగానే వెనక నుంచి గొంతు వచ్చింది.

‘బ్లాక్ రన్ అంటే ఏందసలు?’

ఆటో పక్కకు ఆపి చెప్పాను. మంచు, వాలు, పలకలు, నాగలి, ముందుకు వంగడం, ముసలాయన, అంచు. ఇన్నేళ్లలో మొదటిసారి మొత్తం చెప్పాను. ఫొటోలో వేలు పెట్టి చూపించాను, ఇక్కడ ఎక్కడం, ఇట్లా దిగడం అని. ఆమె సీట్లోంచి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

‘గిది జారుడుబండ గదా!’ అంది.

‘అట్లాంటిదే.’

‘మరి గట్ల తెలుగుల చెప్తే ఏమాయె? నీ బ్లాకు పాడుగాను. జారుడుబండ అంటే అయిపోతుండె. జారిపో, పైలం అంటుంటి. బాపు గట్ల బురదకాళ్లతోటి ఉరుకుతుండెనా? నువ్వు గంత ఎండల కాలుతుంటివా?’ అని ఏడుపు అందుకుంది.

ఆ మాట నా నోటికి రానే లేదు. అంత పెద్ద కొండకు, అంత పెద్ద పట్నంలో, మా గుట్ట మీది మాట సరిపోతుందని నాకు తోచలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని ఆమే మళ్లీ అంది, ‘మా తల్లిగారూరి బండ మీద పెద్ద జారుడు ఆడపోరగాండ్లల నేనే మొదలు జారిన. ఎరికేనా నీకు?’ నాకు ఎరిక లేదు. మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసి, ఆమె పెద్ద జారుడు దిగిన మనిషని నాకు తెలియదు. నేను మట్ట చంకలో పెట్టుకొని నడిచి దిగినవాణ్ణని ఆమెకూ అప్పుడే చెప్పాను. ఏడుస్తూనే పకపకా నవ్వింది.

డాక్టరు మాట కూడా చెప్పాను. ఆ వారం కశ్మీర్ భాయ్ గొంతు వచ్చినప్పుడు ఫోన్ నా చేతిలోంచి లాక్కొని, తన ఉర్దూలో, ‘భయ్యా, మావాడు ఆతా హై, మోకాలు ఖరాబ్ హై, జర చూస్కో’ అని పంపింది. అతను నవ్వుతూ జవాబిచ్చాడు. ఇంట్లోనే ఉండమన్నాడు. ముందు చిన్న వాలు మీద చూస్తాడట, మోకాలు మాట వింటేనే పైకి తీసుకుపోతాడట. పైన అంచు మీద నిలబడ్డాక దిగాలా వద్దా అన్నది అప్పటి మాట అన్నాడు.

ఇదంతా రైల్లో కూర్చొని రాస్తున్నాను. కిటికీ బయట నేల ఇంకా చదునుగానే ఉంది, పత్తిచేలు, కరెంటు స్తంభాలు. ఒడిలో కోటు, అప్పటిదే, నాఫ్తలీన్ వాసన. ఏమవుతుందో తెలియదు. స్విస్ గోడను ఈ జన్మలో చూడనని తెలుసు. కప్పు లేని మంచు మీద ఒక్కసారి నిలబడి, లోయ వైపు వంగగలిగితే చాలు. అదీ కాకపోతే ఆ ముసలాయనలా అంచు దాకా. కాదు, అంచు దాకా చాలదు. చాలుతుందని అబద్ధం ఎందుకు రాయాలి? నాకు దిగాలని ఉంది.

పొద్దున కామారెడ్డి స్టేషన్‌కు ఆమె కూడా వచ్చింది. ప్లాట్‌ఫాం మీద నా ఆటోలో రోజూ ఎక్కే అవ్వ ఒకామె కనబడింది, బిడ్డ దగ్గరికి పోతోందట. నా బ్యాగు, కోటు చూసి చేతులు జోడించింది. ‘బిడ్డా, ఆఖరికి అమర్‌నాథ్ పోతున్నవా? నా పేరు మీద గూడ ఒక టెంకాయ కొట్టు’ అంది. నేను సరేనని తలూపబోయాను, ఎప్పటిలాగే.

‘అమర్‌నాథ్ కాదవ్వా. జారుడుబండకు పోతుండు’ అంది నా భార్య, ప్లాట్‌ఫాం అంతా వినబడేలా.

రైలు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆమె ఊచలు పట్టుకొని, సద్ది ఎప్పుడు తినాలో, గోలీలు ఎప్పుడు మింగాలో మళ్లీ చెప్పింది. ‘ఎనుకకు ఒరగకు, వీపు దోక్కపోతది’ అంది. రైలు కదిలాక రెండడుగులు నడిచింది. ఫోన్ ఉన్న చెయ్యి పైకెత్తి చూపించి, దాన్ని కొంగులో ముడేసుకుంది.

‘పో. ఈపాలి ఎవ్వలకు ఫోన్ చెయ్య’ అంది.